చెంబెడు బియ్యం, ఏడు శనివారాలు

నువ్వు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. చిత్తూరులో పుట్టి పెరిగావు. పదకొండేళ్ళుగా డాలస్‌లో ఉన్నావు. ఇద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, పెద్ద ఇల్లు, దాని మీద అప్పు. అమ్మ రోజూ చేసిన దీపారాధన నీకు వారానికి ఒకసారి కూడా కుదరడం లేదు. గుడికి పోవడం సరుకులకు పోయి వచ్చినట్టే అయిపోయింది. డిసెంబర్‌లో పది రోజులు ఊరికి వస్తే సిఫార్సు లెటరుతో బ్రేక్ దర్శనం, షాపింగ్, బంధువులు, మళ్ళీ విమానం. పోయినసారి మీ అత్తగారు "డబ్బు యావలో పడి దేవుణ్ణి మరిచిపోయారు" అన్నారు. ఆ మాట నీలో ఇంకా మెదులుతోంది. "నా భక్తి నిజంగా పోయిందా, టైం లేక ఇలా ఉన్నానా? అక్కడ సగం, ఇక్కడ సగం బతుకుతున్నట్టుంది" అని రాశావు.

నా కూతురి కంటే నాలుగైదేళ్ళు పెద్దదానివేమో, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. నేను తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి మాడ వీధి దగ్గర పెరిగాను. 1997లో న్యూజెర్సీ పోయాను. ఇరవై ఒక్క సంవత్సరాలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసి 2018లో తిరిగి వచ్చేశాను. నువ్వు రాసిన ప్రతి వాక్యం నేను అక్కడ ఏదో ఒక రాత్రి అనుకున్నదే.

నీ భక్తి పోలేదు తల్లీ. పోయినవాళ్ళకు ఈ బాధ ఉండదు. కానీ ఆ మాటతో నిన్ను ఊరడించి వదిలేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే నీ ఇబ్బంది నిజమైనదే.

మా అమ్మ భక్తి గురించి చాలాకాలం నాకొక పొరపాటు అభిప్రాయం ఉండేది. ఆమె పట్టుదల గల మనిషి, నాకు ఆ పట్టుదల లేదు అనుకునేదాన్ని. తిరిగి వచ్చాక, ఈ వీధిలో మళ్ళీ కాపురం పెట్టాక తెలిసింది. అమ్మ భక్తిని సగం ఆమె మోసింది, సగం వీధి మోసింది. తెల్లవారకముందే గుడి మైకు లేపేది. పూలమ్మి గడప దగ్గరికి వచ్చి మూర పూలు కొలిచి ఇచ్చేది. శుక్రవారం అని పంచాంగం చూసి తెలుసుకోవాల్సిన పని లేదు, ఎదురింటి ముగ్గు చూస్తే తెలిసేది. మే నెలలో గంగమ్మ జాతర వస్తే మా అన్న బైరాగి వేషం వేయాలా వద్దా అని ఇంట్లో ఎవరూ చర్చించుకోలేదు. వీధిలో పిల్లలంతా ఒంటికి తెల్ల సుద్ద పూసుకుని పోతుంటే వాడూ పోయాడు. ఒకరోజు అమ్మకు ఒంట్లో బాగాలేకపోయినా ఆ రోజు భక్తి ఆగదు, పక్కింటి పిన్ని ప్రసాదం తెచ్చి చేతిలో పెడుతుంది.

డాలస్‌లో నీకు ఇవేవీ లేవు. అక్కడ శుక్రవారం అంటే వీకెండ్ ముందు రోజు. దీపం వెలిగించాలంటే నువ్వే గుర్తుపెట్టుకోవాలి, నువ్వే నూనె తేవాలి, చెక్క ఇల్లు కదా అని పొగ అలారం దూరంగా చూసుకోవాలి, పిల్లలను నువ్వే పిలవాలి, ఎందుకు అని అడిగితే నువ్వే చెప్పాలి. ఒక వీధి మొత్తం చేసే పనిని ఒక్కదానివి, ఉద్యోగం చేసుకుంటూ, చేయాలని చూస్తున్నావు. చేయలేకపోతే నీలో లోపం ఉందనుకుంటున్నావు. అమ్మతో నిన్ను పోల్చుకోవడం ఇవాళ్టితో మానెయ్.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడ డబ్బు, ఇక్కడ దేవుడు అనే లెక్క సరైనది కాదు. ఇప్పటి తిరుపతికి వచ్చి చూడు. మా అపార్ట్‌మెంట్‌లో కింది పోర్షన్ వాళ్ళు మేడ ఎక్కితే శేషాచలం కొండలు ఎదురుగా కనిపిస్తాయి. మూడేళ్ళుగా కొండ పైకి పోలేదు. పిల్లాడి కోచింగ్, కొత్త ప్లాటు, ఆయన బిజినెస్. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, పక్కన ఉన్న కొండ కూడా అలాగే అయిపోతుంది. కాబట్టి మీ అత్తగారి మాట పూర్తిగా తప్పు అనను, కానీ అది డాలస్‌కు మాత్రమే వర్తించే మాట కాదు.

ఇక డబ్బు యావ. దీని గురించి మాత్రం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది నేను అనుభవించి నేర్చుకున్నది.

2005లో మేము నాలుగు బెడ్‌రూముల ఇల్లు కొన్నాం. అందులో పూజకు ప్రత్యేకంగా ఒక గది కట్టించుకున్నాం, ఇక్కడి నుంచి నల్లరాతి విగ్రహాలు తెప్పించాం. అంతకుముందు అద్దె ఇంట్లో వంటగది అల్మారాలో ఒక పటం, ఒక కుంది ఉండేవి. ఆ అల్మారా ముందు రోజూ నిలబడ్డాను. ఈ గదిలో దీపం వెలిగించిన రోజులు మాత్రం తక్కువ. ఇంటి వాయిదా కట్టాలంటే ఇద్దరం ఓవర్‌టైం చేయాలి, ఆ ఓవర్‌టైం గదిలో కూర్చునే టైం తినేసేది. 2009లో మా ఆయన ఉద్యోగం పోయింది. సంవత్సరం లాగి, 2010లో ఇల్లు అమ్మేసి మళ్ళీ అపార్ట్‌మెంట్‌కు వచ్చాం. మా ఆయన స్నేహితుల ఫోన్లు తీయడం మానేశారు. ఎవరి ఇంటికీ రానన్నారు.

ఆ సెప్టెంబర్‌లో అమ్మ ఫోన్ చేసి "పెరటాసి వచ్చింది, తళిగ వేస్తున్నారా?" అని అడిగింది. నీకు చెప్పక్కర్లేదు, చిత్తూరు దానివి. తమిళ నెల పెరటాసి, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు, శనివారాలన్నీ మన వైపు వెంకటేశ్వరస్వామివే. ఆ నెల మన ఇళ్ళలో మాంసం వండరు. తలస్నానం చేసి, నామం పెట్టుకుని, చెంబుకు కూడా నామం పెట్టి, తులసి చుట్టి, గోవిందా గోవిందా అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడుక్కొచ్చి, ఆ బియ్యంతో వండి, ఆకులో వడ్డించి స్వామికి నైవేద్యం పెడతారు, అదే తళిగ. పదెకరాల మాగాణి ఉన్నవాడూ ఆ రోజు చెంబు పట్టుకుని అడుక్కోవాల్సిందే. చిన్నప్పుడు అది మాకు ఆటగా ఉండేది.

నేను అమ్మతో, "మేమే ఇప్పుడు అడుక్కునే స్థితిలో ఉన్నాం, ఇంకా చెంబు ఎందుకమ్మా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. అమ్మ "రెండు చేతులా సంపాదించినప్పుడు అడుక్కుని ఉంటే ఇప్పుడు ఇంత సిగ్గుగా ఉండేది కాదు" అంది. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

తర్వాతి శనివారం మా ఆయన, పిల్లలు నామాలు పెట్టుకున్నారు. మా అమ్మాయికి అప్పటికి పదమూడు, కారిడార్‌లో ఎవరైనా చూస్తారని తల దించుకుని నడిచింది. తెలిసిన నాలుగు తెలుగు, తమిళ ఇళ్ళకు ముందే చెప్పాను. ఒక్కొక్క గుమ్మం ముందు మా ఆయన నిలబడి గోవిందా అన్నారు. రెండో ఇంట్లో స్నేహితుడు పిడికెడు బియ్యం చెంబులో వేసి, "ఎన్నాళ్ళయిందిరా నిన్ను చూసి" అని పట్టుకున్నాడు. మా ఆయన ఒకటిన్నర సంవత్సరానికి మళ్ళీ ఇంకొకరి ఇంట్లో కూర్చుని కాఫీ తాగారు. ఉద్యోగం అప్పటికి ఇంకా రాలేదు, అది మరుసటి సంవత్సరం వచ్చింది. కానీ ఉద్యోగం పోవడం అనేది ఎవరికీ చెప్పుకోకూడని విషయంగా ఉండటం మాత్రం ఆ శనివారంతో ఆగిపోయింది.

మా పక్క పోర్షన్‌లో ఒక ఇటాలియన్ పెద్దావిడ ఉండేది. పిల్లల నుదుట నామాలు చూసి ఏమిటని అడిగింది. మా అబ్బాయి, తొమ్మిదేళ్ళవాడు, తనకు తెలిసినంతలో చెప్పాడు. ఆమె లోపలికి పోయి ఒక ప్యాకెట్ పొట్టి బియ్యం తెచ్చి చెంబులో పోసింది. సిసిలీలో వాళ్ళ అమ్మమ్మ ఊరిలో కూడా మార్చి 19న సెయింట్ జోసెఫ్ పండగకు ఇంటింటికీ తిరిగి తిండి వస్తువులు అడిగి తెచ్చి, వండి అందరికీ పెడతారట. అడిగి తెచ్చిన దానితోనే చేయాలట. రెండు బియ్యాలూ కలిపి పొంగలి వండాను. ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్‌లో దొరికే అరటి ఆకులు కరగబెట్టి, వాటి మీద ఆ పొంగలి పెట్టి, వడలు, పాయసం, గుగ్గిళ్ళు పెట్టి, మధ్యలో పిండి దీపం వెలిగించాం. ఆవిడా వచ్చి తిన్నది.

అప్పటి నుంచి మేము అక్కడ ఉన్న ప్రతి సంవత్సరం చెంబు పట్టాం. వచ్చేసరికి పదకొండు ఇళ్ళు అయ్యాయి. నేను వీధి అన్నానే, అది అలా తయారవుతుంది. ముందు తరం వాళ్ళూ ఇదే చేశారు. పిట్స్‌బర్గ్ దగ్గర వెంకటేశ్వరస్వామి గుడి 1976లోనే లేచింది. అప్పుడు ఆ చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పు. కొందరు కలిసి పూనుకోబట్టి అక్కడ గుడి ఉంది. నీకు గుడి కట్టే పని లేదు. నాలుగు గుమ్మాలు చాలు.

డబ్బు విషయంలో ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. మనవాళ్ళు ఏడు శనివారాల వ్రతం చేస్తారు కదా. మా ఇంట్లో అవసరం కానిది, ఖరీదైనది ఏది కొనాలన్నా ఏడు శనివారాలు ఆగాలి. ప్రతి శనివారం దీపం పెట్టాక ఆ వస్తువు పేరు ఒకసారి చెప్పుకోవాలి, ఇంకా కావాలా అని. ఏడు వారాల్లో కారు మార్చాలనే ఆలోచన పోయింది, కొత్త సోఫా పోయింది. మా అమ్మాయి పియానో అడిగింది, ఏడో శనివారం కూడా కావాలంది, కొన్నాం. అది మా ఇంట్లో మేము బాగా వాడిన వస్తువు. కాబట్టి వస్తువులు కొనడమే పాపం అని నేను అనను. మన స్వామే పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, ఇప్పటికీ వడ్డి కడుతున్నాడని చెప్పుకుంటాం, వడ్డికాసులవాడని ముద్దుగా పిలుస్తాం. డబ్బును దూరం పెట్టిన దేవుడు కాదాయన. కానీ మనం కోరుకున్న ప్రతిదీ ఆ క్షణంలోనే ఇంటికి వచ్చేస్తుంటే, దేవుణ్ణి అడగడానికి మన దగ్గర ఏమీ మిగలదు. అడగడం అలవాటు తప్పితే కృతజ్ఞత కూడా తప్పుతుంది. ఇది నేను నా ఇంట్లో చూశాను.

ముడుపు కూడా మళ్ళీ మొదలుపెట్టు. పసుపు గుడ్డలో జీతం వచ్చిన రోజు ఒక డాలర్ అయినా సరే, మొదట అది, తర్వాతే మిగతావి. ఆటోమేటిక్‌గా బ్యాంకులో కట్ అయ్యేలా పెట్టకు. చేత్తో పెట్టాలి, పిల్లలు చూడాలి.

టైం లేకపోవడం గురించి. అనంతాళ్వార్ కథ నీకు గుర్తుందా? తిరుమల మహాద్వారం దగ్గర వేలాడే గునపం ఆయనదేనని చూపిస్తారు. రామానుజాచార్యులు చెప్పారని, కొండ మీద స్వామికి పూలసేవ చేయడానికి వచ్చి స్థిరపడిన భక్తుడు. ఆ గునపం కథ కాకుండా మా నాన్న చెప్పే కథ ఇంకొకటి ఉంది. ఒకరోజు ఆయన మాల కడుతుంటే స్వామి రమ్మని కబురు పెట్టాడట. ఆయన లేవలేదు. మాల పూర్తిచేసి, తీసుకుని పోయాడు. పిలిస్తే ఎందుకు రాలేదని స్వామి అడిగితే, పూలు విచ్చుకునే వేళ, మా గురువు నాకు అప్పగించింది ఈ పని, ఇది ఆపి రావడానికి నాకు అక్కడేం పని అన్నాడట. కొండ దిగి పొమ్మంటే ఏం చేస్తావని స్వామి అంటే, మీరు నాకంటే కాస్త ముందు వచ్చారు, అంతే కదా అన్నాడట.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ కథను రెండు విధాలుగా వాడుకున్నాను, ఒకటి తప్పుగా. "నా పనే నా పూజ" అని చెప్పుకుని అర్ధరాత్రి వరకు లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అది మాల కాదు. ప్రమోషన్ కోసం, పక్కవాళ్ళ కంటే వెనకపడతానేమో అనే భయం కోసం చేసిన పని అది. మాలంటే ఇంకొకరికి అప్పజెప్పే వస్తువు. నువ్వు పిల్లలకు లంచ్ బాక్స్ కట్టడం మాల. మీ టీమ్‌లో కొత్తగా చేరినవాడికి విసుక్కోకుండా పని నేర్పడం మాల. అవి చేస్తూ దీపం కుదరని రోజు నీ లెక్కలోంచి తీసెయ్. తక్కిన రోజుల్లో మాత్రం నీతో నువ్వు నిజాయితీగా ఉండు. ఫోన్ చూస్తూ ముప్పావు గంట కూర్చున్న రోజు టైం లేదని అనుకోకు.

రోజూ దీపం పెట్టాలని కాకుండా శనివారం ఒక్కటీ తప్పనని అనుకో. ఆ ఒక్కటి నిలిస్తే మిగతావి వస్తాయి, రాకపోయినా అది ఉంటుంది. ఇంకొకటి, నాకు చాలా ఆసరాగా నిలిచింది. ఇక్కడ కొండ మీద సుప్రభాతం తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు. శనివారం సుప్రభాతం జరిగేటప్పుడు న్యూజెర్సీలో శుక్రవారం సాయంత్రం అయిదున్నర, చలికాలం నాలుగున్నర. నీకు డాలస్‌లో నాలుగున్నర, చలికాలం మూడున్నర. ఆ టైంకు నేను సీటులోనే రెండు నిమిషాలు కళ్ళు మూసుకునేదాన్ని. ఇప్పుడు బంగారు వాకిలి తీస్తున్నారు అనుకునేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు. వారమంతా గజిబిజిగా ఉన్నా ఆ రెండు నిమిషాలు నేను ఒక్కచోటే ఉండేదాన్ని.

పండగలు వీకెండ్‌కు జరుపుకోవడం గురించి కూడా బాధపడుతున్నావు. ఏ రోజుకు ఏ తిథి అనేది ఆ ఊరి సూర్యోదయాన్ని బట్టి చూస్తారు, మన ఊరి పంచాంగం అక్కడ నేరుగా పనికిరాదు, పండగ ఒకరోజు ముందే పడొచ్చు. నీ ఊరికి లెక్కగట్టిన పంచాంగం పెట్టుకో. అసలు రోజున ఒక పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకో, నలుగురూ కలవడం శనివారం పెట్టుకో.

పిల్లల సంగతి నాకు అంత తేలికగా చెప్పడం రాదు. మా అమ్మాయి పద్నాలుగేళ్ళప్పుడు గుడికి రానంది. నేను దేవుడికి కోపం వస్తుందన్నాను, అరిచాను. తప్పు చేశాను. 2014లో ఇక్కడికి వచ్చినప్పుడు, "దర్శనం వద్దు, నాతో మెట్లెక్కు చాలు" అన్నాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు. మా ముందు ఒకావిడ ప్రతి మెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెడుతూ పోతోంది. గాలిగోపురం దాటాక మా అమ్మాయి ఆమె చేతిలో గిన్నె అడిగి తీసుకుని కొంతదూరం తను పెట్టింది. ఎందుకు చేశావని నేను అడగలేదు. ఇప్పుడు ఆమెకు ఇరవై దాటి చాలా ఏళ్ళయింది, పూజలు చేయదు. శనివారం మాంసం తినదు, అంతే. దానికి కారణమూ నాకు చెప్పలేదు. నేను ఇక్కడి నుంచి ఆమె కోసం దీపం పెడతాను, ఆమెను అడగను. నీ పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి చెబుతున్నాను, ఎందుకు అని అడిగితే తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు, భయం మాత్రం పెట్టకు.

డిసెంబర్‌లో వచ్చినప్పుడు బ్రేక్ దర్శనం మానమని నేను చెప్పను. కానీ అక్కడ ఎంతసేపు నిలబడతావు? జరగండమ్మా అనేలోపు అయిపోతుంది, అది అందరికీ అంతే. దాని చుట్టూ పది రోజుల ప్రయాణం కట్టకు. మొదటి వారం జెట్‌లాగ్‌తో నీకూ పిల్లలకూ మూడు గంటలకే మెలకువ వస్తుంది కదా. డిసెంబర్ మధ్య నుంచి ధనుర్మాసం, కొండ మీద సుప్రభాతానికి బదులు తిరుప్పావై చదివే నెల. ఆ వేళకు స్వెటర్లు వేసుకుని గోవిందరాజస్వామి గుడికో, తిరుచానూరుకో పోండి. వేడి పొంగలి దొన్నెలో తీసుకుని మండపంలో కూర్చోండి. వీలైతే ఒక సంవత్సరం శ్రీవారి సేవకు పేరు ఇవ్వు. నేను తిరిగి వచ్చాక చేశాను. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో అన్నం వడ్డిస్తూ బంతి తర్వాత బంతి తిరుగుతుంటే, నా సేవ పూర్తయ్యేసరికి నాకు స్వామి ముఖం కంటే ఆకుల ముందు కూర్చున్నవాళ్ళ ముఖాలే ఎక్కువ గుర్తున్నాయి. అదీ దర్శనమేనని నాకు గట్టిగా అనిపించింది.

సగం సగం బతుకుతున్నానన్నావు. నేను ఇక్కడికి వచ్చి ఇన్నేళ్ళయినా మార్చి 19న ఆ ఇటాలియన్ పెద్దావిడ గుర్తొస్తుంది, ఆ రోజు ఎవరికైనా భోజనం పెడతాను. అక్కడ ఉన్నప్పుడు తిరుపతి నాలో ఉండేది, ఇక్కడ ఉంటే న్యూజెర్సీ నాలో ఉంది. దీన్ని సగం అని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

పెరటాసి వచ్చేలోపు రెండు పనులు చెయ్. మీ దగ్గర్లో బియ్యం వేయగల నాలుగు ఇళ్ళు చూసుకో, తెలుగువాళ్ళే కానక్కర్లేదు. తర్వాత మీ అత్తగారికి ఫోన్ చెయ్. ఆమె అన్న మాటకు జవాబు చెప్పడానికి కాదు. మీ ఇంట్లో తళిగకు ఏమేం వండుతారు, పిండి దీపంలో బెల్లం ఎంత వేస్తారు, చెంబుకు నామం ఎవరు పెట్టేవాళ్ళు అని అడుగు. ఆమె చెబుతుంటే పిల్లలతో రాయించు.